ఆపరేషన్ తేదీ దగ్గరపడిందా? ముందు ఇవి చూసుకోండి

రక్తం పలచబరిచే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పండి. దాస్తే రక్తస్రావం త్వరగా ఆగకపోవచ్చు. అలాగని సొంతంగా ఆపేస్తే, స్టెంటు ఉన్నవాళ్లకు అందులో రక్తం గడ్డ కట్టొచ్చు.

షుగరు మాత్రల అట్టలే తీసుకెళ్లి చూపించండి, పేర్లు గుర్తుండవు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటివి సాధారణంగా 3 రోజుల ముందే ఆపిస్తారు.

మత్తుకు 6 గంటల ముందు నుంచి టిఫిను, పాలు బంద్. మత్తులో వాంతైతే ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. పాలు కలిసిన టీ కూడా ఆహారమే. "ఒక్క గుక్కే కదా" అని ఇచ్చేది ఎక్కువగా ఇంట్లోవాళ్లే! మంచినీళ్లు మాత్రం డాక్టరు సరేనంటే 2 గంటల ముందు వరకు.

ఇంట్లో వెంట్రుకలు గొరగొద్దు. బ్లేడు గాట్లతో ఇన్‌ఫెక్షన్.

గోళ్లరంగు తీసేయండి, వేలి ఆక్సిజన్ క్లిప్పు తప్పు చూపించొచ్చు.

ఆరోగ్యశ్రీ అయితే ముందస్తు అనుమతి వచ్చిందా అని ఆసుపత్రిలో ఆ పథకం తరఫున ఉండే ఆరోగ్యమిత్రను అడగండి.