బాలింత మనసుకు తోడు: ఊరిలో తల్లుల కూడికను నడిపే విధానం

నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లో బాలింత చుట్టూ మనుషులకు కొదవ ఉండదు. తొలికాన్పుకు తల్లిగారింటికి వచ్చిన అమ్మాయికి తల్లి కాయం (బాలింతకు పెట్టే మందు ముద్ద) చేసి పెడుతుంది, మేనత్త వేడినీళ్లు పోస్తుంది, వాడకట్టు ఆడవాళ్లు వచ్చి చెవుల్లో దూది పెట్టుకున్నదా, తలకు గుడ్డ కట్టుకున్నదా అని చూసి పోతారు, ఇరవై ఒకటో రోజున తొట్టెల వేస్తారు. వచ్చిన ప్రతి ఒక్కరూ పాలు సరిపోతున్నాయా అని, బిడ్డ రాత్రి ఏడుస్తున్నదా అని అడుగుతారు. నీకెట్లున్నది అని అడిగేవారు అరుదు. ఆ ఒక్క మాట అడగడానికి, వచ్చే జవాబును తొందరపడకుండా వినడానికి, ఈమధ్యనే ఆ దారి దాటివచ్చిన తోటి తల్లులు కలిసి కూర్చునే ఏర్పాటునే నేను తల్లుల కూడిక అంటున్నాను. మా ఊరిలో అలాంటి కూడికను నడిపేవారిలో నేనూ ఒకదాన్ని కనుక, కొత్తగా మొదలుపెట్టదలచిన వారికి అక్కరకు వచ్చే సంగతులు రాస్తున్నాను.

కాన్పయిన మూడో రోజు నుంచి ఐదో రోజు లోపల చాలామంది తల్లులకు కారణం లేకుండానే ఏడుపు వస్తుంది, చిన్న మాటకే మనసు చివుక్కుమంటుంది. గర్భంలో పెరిగిన హార్మోన్లు కాన్పుతో ఒక్కసారిగా పడిపోవడం, నిద్ర లేకపోవడం ఇందుకు కారణాలు. ఇది రెండు వారాల లోపల దానంతటదే తగ్గిపోతుంది. అలా తగ్గకుండా దిగులు, నిరాసక్తి, తప్పంతా తనదేనన్న భావం రోజుల తరబడి ఉండిపోతే దానిని ప్రసవానంతర కుంగుబాటు అంటారు. మన దేశంలో జరిగిన అధ్యయనాలన్నింటినీ కలిపి చూసి 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో అచ్చయిన సమీక్ష ప్రకారం 22 శాతం మంది తల్లులు, అంటే ఐదుగురిలో ఒకరికి పైగా, దీనికి లోనవుతున్నారు. మన పల్లెల్లో మాత్రం ఈ పేరుతో ఎవరూ చెప్పరు. "రంది పెట్టుకున్నది" అంటారు, "బుగులైతుంది" అంటారు, "మనసున పడ్తలేదు" అంటారు. కూడికలో ఆ మాటలనే వాడండి. జబ్బు పేరు ముందుగా చెబితే ఆ అమ్మాయి కన్నా ముందు ఆమె అత్తగారు బెదిరిపోతారు.

గొలుసు ఎక్కడ తెగుతున్నదో ముందు తెలుసుకోవాలి

ఆస్పత్రిలో కాన్పయిన తల్లి ఇంటికి ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఆరుసార్లు రావాలి. ఆ ఆరు రాకపోకలూ తొలికాన్పు విషయంలో సాధారణంగా తల్లిగారి ఊరిలోనే ముగుస్తాయి. ఆ తరువాత మూడో నెలలోనో ఐదో నెలలోనో బట్టలు పెట్టి అమ్మాయిని అత్తగారింటికి సాగనంపుతారు. అక్కడి ఆశా కార్యకర్తకు ఆమె కొత్త, అంగన్‌వాడీ టీచరుకు కొత్త, పొయ్యి దగ్గర పని మాత్రం పాతదే, పైగా చంకలో బిడ్డ. కుంగుబాటు మొదటి నెలలోనే రావాలని లేదు, మొదటి ఏడాదిలో ఎప్పుడైనా మొదలు కావచ్చు. తల్లి ఒడి నుంచి అత్తగారి గడపకు మారిన ఆ నెలల్లోనే తోడు ఎక్కువగా కావాలి, తోడు తెగిపోయేది కూడా అప్పుడే. అందుచేత ఒక్క ఊరికి కట్టుబడిన కూడిక సగం పనే చేస్తుంది. మొదటి రోజు నుంచే రెండు ఊళ్లను దృష్టిలో పెట్టుకుని దానిని కట్టాలి.

ఎవరు నడపాలి, ఎక్కడ కూర్చోవాలి

ఇద్దరు తల్లులతో మొదలుపెట్టండి. ఏడాది నుంచి ఐదేళ్ల లోపు పిల్లలున్న వారైతే ఆ రోజులు వారికి ఇంకా మరుపు రావు. చదువు కన్నా నోటిమీద అదుపు ముఖ్యం. మహిళా సంఘంలో అప్పు కిస్తీలు వసూలు చేసే లీడరు ఎంత మంచి మనిషి అయినా ఆమెను ఈ పనికి పెట్టవద్దు, ఎందుకంటే ఈ నెల కిస్తీ కట్టలేని తల్లి ఆమె ముందు నోరు తెరవదు. సర్పంచి ఇంటివారి విషయంలోనూ ఇదే మాట. దేవరకొండ, అచ్చంపేట వైపు తండాల్లో లంబాడీ మాట్లాడే తల్లే నడపాలి. దుఃఖం ఇంటి భాషలోనే బయటికి వస్తుంది.

ఎవరి ఇంట్లోనో కూర్చుంటే కొన్ని వాడల వారు రారు. అంగన్‌వాడీ కేంద్రం అందరిదీ కనుక అదే తగిన చోటు. ఆరోగ్య లక్ష్మి పథకం కింద గర్భిణులు, బాలింతలు భోజనానికి అక్కడికి ఎలాగూ వస్తారు కనుక ఇంట్లో వేరే అనుమతి అడగవలసిన అవసరం ఉండదు. భోజనాలు అయ్యాక ఒక గంట, పదిహేను రోజులకు ఒకసారి, పదిమందికి మించకుండా, చాపల మీద గుండ్రంగా కూర్చోవాలి. నడిచే పిల్లలను చూసుకునే బాధ్యత ఒకరికి అప్పగించకపోతే ఆ గంటలో ఏ మాటా పూర్తి కాదు. నాట్ల కాలంలో, పత్తి ఏరే నెలల్లో ఎవరూ రారు. అప్పుడు కూడిక ఆపకుండా ఇళ్లకు వెళ్లి పలకరించడంగా మార్చుకోవాలి. గర్భిణులను ఏడో నెల నుంచే పిలవడం మంచిది, ఎందుకంటే కాన్పుకు ముందే ముఖపరిచయం ఉన్న మనిషి దగ్గర కాన్పు తరువాత మాట తేలికగా వస్తుంది.

ఇలాంటి కూడికల మేలు ఊహ కాదు. జార్ఖండ్, ఒడిశా పల్లెల్లో ఆడవాళ్లు నెలనెలా కూర్చుని కాన్పు, పసిబిడ్డల కష్టాలను చర్చించుకున్న బృందాలను పరిశీలించి 2010లో లాన్సెట్ పత్రికలో ఫలితాలను ప్రకటించారు. అవి పసిబిడ్డల మరణాలను తగ్గించడానికి మొదలైన బృందాలు. ఆ లక్ష్యం నెరవేరడంతో పాటు, మూడో ఏడాదికి తల్లుల్లో ఒక మోస్తరు కుంగుబాటు 57 శాతం తగ్గినట్లు కూడా తేలింది.

మాట ఎలా మొదలవుతుంది

ఒకసారి కొత్తగా కాపురానికి వచ్చిన ఒక కోడలు మూడు కూడికలకు వచ్చి ఒక్క మాటా మాట్లాడలేదు. నాలుగోసారి కూడా గుడ్డు పెంకంతా ఒలిచి, గుడ్డును తినకుండా పళ్లెంలో వదిలేసి, ఆ పెంకు ముక్కలను పళ్లెం అంచున ఒకదాని పక్కన ఒకటి పేరుస్తూ కూర్చున్నది. బిడ్డ ఒడిలో ఏడుస్తున్నా ఆమె చేయి పెంకుల మీదనే ఉన్నది. మాలో ఒకామె పక్కకు జరిగి, ఆమె ముఖం వైపు చూడకుండానే, "చెల్లె, మా పిల్లగాడు పుట్టినంక నాకు గూడ వాన్ని ఎత్తుకోబుద్ధి గాకపోతుండె" అన్నది. కాసేపటికి ఆ అమ్మాయి చేయి ఆగింది. "నీకు గూడనా అక్కా?" అన్నది. ఆ రోజు అంతకు మించి ఏమీ చెప్పలేదు. తరువాతి కూడికకు అందరికన్నా ముందే వచ్చి కూర్చున్నది.

నడిపేవారు తమ సంగతిని ముందు చెప్పాలని నేను అనేది ఇందుకే. చెప్పేది రెండు మూడు వాక్యాలే ఉండాలి, తమ కథ ఆ గంటనంతా మింగేయకూడదు. "బంగారమసొంటి బిడ్డ పుట్టె, ఎందుకు ఏడుస్తవ్" అన్న మాట ప్రేమతో అన్నదే అయినా ఎదుటి మనిషి నోరు మూయిస్తుంది. "మా కాలంలో పొద్దున కని మాపటికి పొలం పోయినం" అన్న మాట ఇంకా గట్టిగా మూయిస్తుంది. వాటికి బదులు "ఎప్పటి సంది అట్లున్నది?", "పొద్దంతా ఉంటదా, ఒక్కోపారి వస్తదా?" అని అడిగి ఆగండి. నేను తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: బిడ్డ నిద్రపోయినప్పుడైనా నీకు నిద్ర పడుతున్నదా? బిడ్డ వల్ల నిద్ర చెడటం అందరికీ ఉండేదే. బిడ్డ హాయిగా పడుకున్నా తల్లికి కన్ను మూతపడటం లేదంటే ఆమెను ప్రత్యేకంగా కనిపెట్టుకుని ఉండాలి.

కూడికలో విన్నది గడప దాటకూడదని మొదటి రోజే అందరితో మాట తీసుకోవాలి. అయితే తల్లి ప్రాణానికో బిడ్డ ప్రాణానికో ముప్పు ఉందనిపిస్తే మాత్రం ఇంటివారికీ వైద్యులకూ చెబుతామని ఆ రోజే స్పష్టం చేయాలి. తరువాత చెబితే నమ్మకద్రోహంగా తోస్తుంది.

విన్న తరువాత చేతిసాయం కూడా ఉండాలి. ఒక పూట బిడ్డను చూసుకుని తల్లిని మూడు గంటలు కదలకుండా పడుకోనివ్వడం, ఆ రోజుకు కూర వండి పంపడం వంటివి చూడటానికి చిన్నవే, మేలు పెద్దది. అత్తగారితో వాదానికి దిగవద్దు. "పాలిచ్చే తల్లికి నిద్ర కూడా పథ్యమే అత్తమ్మా" అని చెబితే చాలామంది ఒప్పుకుంటారు. పథ్యం పేరిట నీళ్లు తగ్గించడం, ఆకుకూరలు మాన్పించడం జరుగుతుంటే ఏఎన్ఎం (ఊరి ఆరోగ్య ఉపకేంద్రం నర్సు) చేత చెప్పించండి. రక్తహీనత ఉన్నా, కాన్పు తరువాత థైరాయిడ్ తేడా వచ్చినా ఇదే నీరసం, ఇదే దిగులు కనిపిస్తాయి కనుక రక్తపరీక్ష చేయించుకోమనడం మరువవద్దు. రెండోసారీ ఆడపిల్లే పుట్టిందని ఎత్తిపొడుపులు పడుతున్న తల్లికైతే, బిడ్డ ఆడో మగో తేలేది తండ్రి నుంచి వచ్చే క్రోమోజోముతోనే అని ఆమెకూ ఆమె ఇంటివారికీ విడమరిచి చెప్పాలి. ఆ నింద ఆమె మీద ఉన్నంతకాలం ఏ ఓదార్పూ ఆమెకు అంటదు.

అత్తగారింటికి పంపేటప్పుడు

ప్రయాణానికి పది రోజుల ముందే అమ్మాయితో కూర్చుని, ఆమె సమ్మతితో అత్తగారి ఊరి అంగన్‌వాడీ టీచరుకో ఆశా కార్యకర్తకో ఫోను చేసి పేరు, రాబోయే తేదీ చెప్పాలి. అక్కడ కూడిక లేకపోతే ఒక్క తల్లినైనా పరిచయం చేయాలి. అమ్మాయి వెళ్లిన మూడో రోజున, తరువాత వారానికోసారి, మూడు నెలల పాటు తల్లిగారి ఊరి తోడు ఒకరు ఆమెకు ఫోను చేయాలి. ఫోను చాలా ఇళ్లలో భర్త దగ్గరనో అత్తగారి దగ్గరనో ఉంటుంది. పక్కన మనుషులుంటే ఆమె "అంతా మంచిదే" అంటుంది. అందుకని ముందే ఒక గుర్తు అనుకోండి. మా దగ్గర "ఏం కూర అక్కా" అని ఆమె ఎదురడిగితే ఇప్పుడు మాట్లాడలేనని అర్థం, అప్పుడు మేమే మరో వేళకు చేస్తాం. పాలమూరు నుంచి పనికోసం హైదరాబాదుకో ముంబయికో బిడ్డతో సహా వెళ్లే తల్లులకు కూలీల అడ్డా దగ్గర అంగన్‌వాడీ దొరకడమే కష్టం కనుక, వారికి ఆ ఫోను ఒక్కటే ఆధారం కావచ్చు.

తండ్రుల మాట

వివిధ దేశాల అధ్యయనాలను కలిపి చూసి 2010లో ప్రకటించిన ఒక సమీక్షలో కాన్పుకు ముందూ తరువాతా తండ్రుల్లో సుమారు 10 శాతం మందికి కుంగుబాటు కనిపించింది. వారిని సమావేశమని పిలిస్తే రారు. నెలన్నర, రెండున్నర, మూడున్నర నెలల టీకాలకు బండి మీద తీసుకువచ్చి బయట నిలబడి ఉన్నప్పుడు, ఇద్దరు పిల్లల తండ్రి ఒకరు వెళ్లి పలకరిస్తే మాట కలుస్తుంది. రాత్రి పాలు తాగిన బిడ్డను భుజాన వేసుకుని తేన్పు తెప్పించడం నీ పని అని ఒక పని అప్పగిస్తే చాలామంది సంతోషంగా చేస్తారు.

మన చేతిలో లేనివి

రెండు మూడు రాత్రులు నిద్ర లేకున్నా అలుపు కనిపించకపోవడం, ఎవరూ లేకుండానే మాట్లాడటం, ఈ బిడ్డ నా బిడ్డ కాదు, మార్చేశారు అనడం, చెవిలో ఎవరో చెబుతున్నారనడం కనిపిస్తే అది కూడికలో కూర్చుని మాట్లాడుకునే విషయం కాదు. వెయ్యి కాన్పులకు ఒకరిద్దరిలో, ఎక్కువగా మొదటి రెండు వారాల్లో వచ్చే తీవ్రమైన మానసిక వ్యాధి అది. ఆ రోజే ఆస్పత్రికి చేర్చాలి, 108కి ఫోను చేయాలి, అంతవరకు తల్లినీ బిడ్డనూ ఒంటరిగా వదలకూడదు. ఇంటివారు గాలి సోకిందని అంటే వారి నమ్మకంతో కొట్లాడవద్దు. "మొక్కు ఉంటే తరువాత తీర్చుకోండి, ముందు దవాఖానకు పోదాం" అనండి. నల్లగొండ, మహబూబ్‌నగర్, సూర్యాపేట పట్టణాల్లో ప్రభుత్వ మెడికల్ కళాశాలల ఆస్పత్రులున్నాయి, హైదరాబాదులో ఎర్రగడ్డ మానసిక ఆరోగ్య సంస్థ ఉన్నది. బిడ్డను లాక్కుంటారని తల్లి భయపడుతుంటే, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం చికిత్స పొందుతున్న తల్లి నుంచి మూడేళ్ల లోపు బిడ్డను సాధారణంగా వేరు చేయకూడదన్న సంగతి చెప్పండి.

చచ్చిపోవాలనిపిస్తున్నదా అని సూటిగా అడగడానికి వెనుకాడవద్దు. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. అవునని చెబితే ఆమెను ఒంటరిగా వదలకుండా, ఆమె పక్కనే కూర్చుని ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోను సేవ టెలి మానస్ నంబరు 14416కు ఫోను చేయాలి. 2022 అక్టోబరు 10న మొదలైన ఈ ఉచిత సేవలో రాత్రింబగళ్లు తెలుగులో మాట్లాడవచ్చు. పత్తి పండించే ఇళ్లలో పురుగుల మందు డబ్బాలు దూలాల మీదనో గుమ్మం వెనుకనో ఉంటాయి, వాటిని ఆ రోజే ఇంటి నుంచి తీయించండి. డాక్టరు మందులు రాస్తే పాలు మాన్పించాలేమోనని ఇంటివారు భయపడతారు. పాలిచ్చే తల్లులు వాడదగిన మందులు ఉన్నాయి, ఆ మాట డాక్టరునే అడగమనండి, సొంతంగా మందు ఆపనివ్వవద్దు.

నడిపే ఇద్దరూ ప్రతి కూడిక తరువాత పది నిమిషాలు తమలో తాము మాట్లాడుకోవాలి. బిడ్డను పోగొట్టుకున్న తల్లి మాట విన్న రోజున మన పాత గాయం రేగవచ్చు. ఆ వారం ఇంకొకరు నడిపితే తప్పేమీ లేదు.

ఇక నోటుబుక్కు. ఎవరు ఏం చెప్పారన్నది ఎక్కడా రాయకూడదు. పేరు, బిడ్డ పుట్టిన తేదీ, తల్లిగారి ఊరు, అత్తగారి ఊరు, తరువాత ఎవరు ఎప్పుడు పలకరించాలి, ఇంతవరకే రాసుకోవాలి. బిడ్డకు ఏడాది నిండిన తల్లిని మరో ఊరి కొత్త తల్లికి తోడుగా వెళతావా అని అడగాలి, ఒప్పుకుంటే అదే పేజీలో ఆమె పేరు కింద రెండో పేరు చేరుతుంది.