బౌండరీ నుంచి మౌండ్‌కు: హైదరాబాద్‌లో బేస్‌బాల్ పిచర్‌గా తొలి అడుగులు

హైదరాబాద్‌లో బేస్‌బాల్ పిచర్ (బ్యాటర్‌కు బంతి విసిరే ఆటగాడు) కాదగిన కుర్రవాడి కోసం వెతికేవారి చూపు ముందుగా ఫాస్ట్ బౌలర్ల మీదే పడుతుంది. నా అభిప్రాయంలో చూడవలసింది పరేడ్ గ్రౌండ్స్‌లోనో, గచ్చిబౌలిలోనో బౌండరీ దగ్గర నిలబడి, ఒకే విసురుతో బంతిని నేరుగా కీపర్ చేతుల్లోకి పంపే ఫీల్డర్ వైపు. బౌలర్ మోచేయి 15 డిగ్రీలకు మించి చాపుకోకూడదని క్రికెట్ నిబంధన ఉంది. పిచర్ మాత్రం మోచేయి మడిచి, కొరడా ఝుళిపించినట్టు ముంజేతిని ముందుకు విసురుతాడు. బౌలర్‌కు పరుగు ఇచ్చే ఊపు కూడా పిచర్‌కు ఉండదు. మౌండ్ (పిచర్ నిలబడే మట్టిదిబ్బ) మీది రబ్బరు పలకకు ఒక కాలు ఆనించి, తుంటి తిప్పడం నుంచీ ముందుకు వేసే పెద్ద అంగ నుంచీ అతను వేగం పుట్టించుకోవాలి. 2008లో భారత్‌లో జరిగిన పిచింగ్ పోటీలో వెలుగులోకి వచ్చి అమెరికా క్లబ్ పిట్స్‌బర్గ్ పైరేట్స్‌తో ఒప్పందం కుదుర్చుకున్న రింకూ సింగ్, దినేశ్ పటేల్ ఇద్దరూ ఉత్తరప్రదేశ్ జావెలిన్ క్రీడాకారులే కావడం నాకు ఆశ్చర్యం కలిగించదు.

మొదట చదునైన నేల మీద 18.44 మీటర్లు కొలిచి గుర్తు పెట్టుకోండి. రబ్బరు పలక నుంచి హోమ్ ప్లేట్ (బ్యాటర్ పక్కన నేలపై ఉండే పలక) వెనుక కొన వరకు ఉండే దూరం ఇదే. ప్లేట్ వెడల్పు 43 సెంటీమీటర్లు. బంతి మాత్రం తప్పనిసరిగా బేస్‌బాలే కావాలి, ఎందుకంటే అది 142 నుంచి 149 గ్రాముల బరువుతో క్రికెట్ బంతి కంటే తేలికగానూ, చుట్టుకొలతలో కాస్త పెద్దగానూ ఉంటుంది, కాబట్టి పట్టు వేరుగా కుదురుతుంది. అవతల బంతి అందుకునేవారికి గ్లవ్, ముఖానికి మాస్క్ లేకుండా సాధన మొదలుపెట్టవద్దు. చూపుడు వేలు, మధ్య వేలు కుట్లకు అడ్డంగా ఆనించి, బొటనవేలు కింద ఉంచి వేసే ఫోర్ సీమ్ ఫాస్ట్‌బాల్ నిలకడగా కుదిరాక, అదే చేతి వేగంతో నెమ్మదిగా వెళ్లే చేంజప్ నేర్పాలి. వంపు తిరిగే కర్వ్‌బాల్‌కు తొందర లేదు. సుమారు 25 సెంటీమీటర్ల ఎత్తుండే మట్టి మౌండ్ కూడా, శరీరానికి ఆ కదలిక అలవాటైన తర్వాతే.

ఇక్కడి నుంచి నేను చెప్పేది దయచేసి నెమ్మదిగా చదవండి, ఎందుకంటే పిచర్ల తొలి ఏళ్లను ఎక్కువగా పాడుచేసేది ప్రతిభాలోపం కాదు, అలసిన చేతితో విసరడం. మోచేతి లోపలి వైపు ఎముకలను కలిపి ఉంచే లిగమెంట్ తెగితే ‘టామీ జాన్’ శస్త్రచికిత్స చేయవలసి రావచ్చు; 1974లో డాక్టర్ ఫ్రాంక్ జోబ్ తొలిసారి చేసిన ఈ చికిత్స తర్వాత మళ్లీ మ్యాచ్‌లో పిచింగ్ చేయడానికి సాధారణంగా ఏడాదికి పైగా పడుతుంది. అందుకే అమెరికాలో ‘పిచ్ స్మార్ట్’ పేరుతో వయసువారీ పరిమితులు పెట్టారు. వాటి ప్రకారం 15, 16 ఏళ్లవారు రోజుకు 95, 17, 18 ఏళ్లవారు 105 బంతులు దాటకూడదు. 30 దాటితే ఒక రోజు, 45 దాటితే రెండు రోజులు విశ్రాంతి కావాలి. 15, 16 ఏళ్లవారు 75 దాటితే నాలుగు రోజులు పిచింగ్ చేయనే కూడదు. ఏటా కనీసం నాలుగు నెలలు పోటీ పిచింగ్‌కు విరామం ఇవ్వాలి. మన నగరంలో చిక్కు ఏమిటంటే, అదే కుర్రవాడు శనివారం పిచింగ్ సాధన చేసి, ఆదివారం లీగ్ మ్యాచ్‌లో పది ఓవర్లు వేసి, బౌండరీ నుంచి త్రోలు కూడా విసురుతాడు. ఇవన్నీ ఒకే భుజం మీద పడే భారం కాబట్టి అన్నింటినీ ఒకే నోటుపుస్తకంలో రాయించండి. ఎండాకాలం శిబిరాల్లో ఉదయం ఎండ ముదరకముందే సాధన ముగించండి. నొప్పి మోచేతి లోపలి వైపు ఉంటే ఆ రోజే ఆపి, క్రీడా గాయాలు చూసే వైద్యుడి దగ్గరకు తీసుకెళ్లండి.

వృత్తి ఆట మొదలయ్యేది అమెరికాలోని అత్యున్నత పోటీ అయిన మేజర్ లీగ్‌లో కాదు, దాని కింది మైనర్ లీగ్‌లలో. భారతీయ ఆటగాడికి డ్రాఫ్ట్ (క్లబ్‌లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే పద్ధతి) వర్తించదు. అంతర్జాతీయ ఆటగాడిగా ఏ క్లబ్‌తోనైనా సంతకం చేయవచ్చు, అందుకు కనీస వయసు 16. తర్వాత ఫ్లోరిడా, అరిజోనా లేదా డొమినికన్ రిపబ్లిక్‌లోని శిక్షణ స్థాయి లీగ్, ఆపైన సింగిల్ ఎ, హై ఎ, డబుల్ ఎ, ట్రిపుల్ ఎ అనే మెట్లు ఉంటాయి. ఒక్కో మెట్టు దగ్గర చాలామంది ఆగిపోతారు. దినేశ్ రెండేళ్లకే తిరిగి వచ్చేశాడు. రింకూ 2011లో సింగిల్ ఎ స్థాయికి చేరినా, ఆపై గాయాలు అతన్ని వెనక్కి లాగాయి. 2023 ఒప్పందం ప్రకారం ఆ ఏడాది మైనర్ లీగ్ కనీస వేతనం అమెరికాలోని శిక్షణ స్థాయిలో ఏడాదికి 19,800 డాలర్లు, ట్రిపుల్ ఎలో 35,800 డాలర్లు. అందువల్ల ఇంటర్, డిగ్రీ చదువులు మధ్యలో వదిలేయమని నేను ఎవరికీ చెప్పను.

ఒప్పందం ఇప్పిస్తామని ఎవరైనా మీ దగ్గరే డబ్బు అడిగితే అక్కడితో మాట ఆపేయండి, ఎందుకంటే చెల్లించవలసింది క్లబ్. క్రీడాకారుల పి-1 వీసాకు అమెరికాలో ముందుగా పిటిషన్ వేయవలసినదీ క్లబ్బే. ఇంటర్వ్యూ నానక్‌రామ్‌గూడలోని కాన్సులేట్‌లో పడవచ్చు. ఒప్పందంలో వయసు కీలకం కాబట్టి, జనన ధ్రువపత్రం, పదో తరగతి మెమో, పాస్‌పోర్ట్, ఈ మూడింటిలో పుట్టిన తేదీ, ఇంటిపేరు అక్షరాలు ఒకేలా ఉన్నాయో లేదో ఇప్పుడే చూసి, తేడా ఉంటే సరిచేయించండి.