షెర్రీ క్యాస్క్ విస్కీ నచ్చలేదా? సీసాని తిట్టే ముందు ఇది చూడండి

మా బావ దుబాయ్ నుంచి వస్తూ షెర్రీ అనే స్పెయిన్ వైన్ ఉంచిన పీపాలో ఊరిన స్కాచ్ సింగిల్ మాల్ట్ (ఒకే డిస్టిలరీలో, మొలకెత్తిన బార్లీతో చేసే విస్కీ) ఒకటి తెచ్చిచ్చాడు. "కిస్మిస్, ఖర్జూరం, చాక్లెట్ వాసనొస్తది, చూడు" అన్నాడు. నాకు వచ్చిన వాసన ఒక్కటే, ఇంజెక్షన్ ముందు రాసే స్పిరిట్ వాసన. ఆ సీసా నాలుగు నెలలు బీరువాలోనే ఉంది. మళ్లీ వచ్చినప్పుడు చూసి, "ఏంది బామ్మర్దీ, అట్లనే ఉంది?" అంటూ నా గ్లాసులో రెండు చెంచాల మంచినీళ్లు పోశాడు. అంతే, అప్పటిదాకా దాక్కున్న కిస్మిస్ బయటికొచ్చింది.

ఆ తర్వాత నన్ను సలహా అడిగిన వాళ్ల ఫిర్యాదులన్నీ ఇంచుమించు ఒకలాగే ఉన్నాయి. చాలాసార్లు విస్కీలో లోపం ఉండదు. కొనేటప్పుడు లేబుల్ మీద "షెర్రీ" అన్న మాట పక్కన ఇంకేం రాసుందో చదవకపోవడమే అసలు లోపం. తెలంగాణలో మందు కొనడానికి 21 ఏళ్లు నిండాలి. ఇక్కడి నుంచి చెప్పేదంతా ఆ పైవాళ్లకే.

ముక్కు మండుతోంది, ఇంకేమీ తెలియడం లేదు

ముందు సీసా మీద ఆల్కహాల్ శాతం చూడండి. మనం మామూలుగా తాగే విస్కీలు 42.8 శాతం దగ్గర ఉంటాయి. గ్లెన్‌ఫార్క్లస్ 105 అయితే 60 శాతం. అబెర్‌లౌర్ అబునాహ్ బ్యాచ్‌ని బట్టి కొంచెం మారుతుంది కానీ అదీ ఆ చుట్టుపక్కలే. లేబుల్ మీద "క్యాస్క్ స్ట్రెంత్" అని ఉంటే, పీపాలోంచి తీసినదాన్ని నీళ్లు కలిపి పలచన చేయకుండా నింపారని అర్థం. ఆ నీళ్లు మనమే కలుపుకోవాలి.

లెక్క తేలికే. 60 శాతం ఉన్న 30 మి.లీ. పెగ్గులో 10 మి.లీ. నీళ్లు పోస్తే 45 శాతానికి దిగుతుంది. ఒకేసారి పోయకుండా చెంచా చెంచాగా కలుపుతూ వాసన చూడండి. గ్లాసులో ముక్కు ముంచేయకుండా, నోరు కొద్దిగా తెరిచి, గ్లాసుని గడ్డం దగ్గర పెట్టుకుని పీల్చండి. మొదటి గుక్క నోటిని అలవాటు చేయడానికే. రుచి గురించి తీర్పు రెండో గుక్క నుంచి చెప్పండి.

మన హైదరాబాద్‌కి ఇంకో సమస్య ఉంది. మే నెలలో ఫ్యాన్ కింద కూర్చుంటే గదిలో 36, 37 డిగ్రీలుంటుంది. పుస్తకాల్లో "రూమ్ టెంపరేచర్" అని రాసింది ఆ గది గురించి కాదు. అంత వేడికి ఆల్కహాల్ ముందుగా లేచి మిగతా వాసనలన్నిటినీ కప్పేస్తుంది. ఏసీ గదిలో తాగండి, లేదంటే ఖాళీ గ్లాసుని ఐదు నిమిషాలు చల్లటి నీళ్లలో పెట్టి తుడిచి వాడండి. గ్లాసు నిండా ఐస్ వేస్తే మంట తగ్గుతుంది, దాంతోపాటు మీరు డబ్బు పెట్టి కొన్న వాసనా ముడుచుకుపోతుంది.

షెర్రీ అని రాసుంది, షెర్రీ మాత్రం తగల్లేదు

నాకు ఎక్కువగా వచ్చే ఫిర్యాదు ఇదే. షెర్రీ అంటే స్పెయిన్‌లోని హెరెజ్ ప్రాంతపు వైన్, కొంచెం స్పిరిట్ కలిపి బలం పెంచినది. ఒకప్పుడు దాన్ని పీపాలకు పీపాలు బ్రిటన్‌కి పంపేవాళ్లు. ఖాళీ అయిన పీపాలు చవకగా దొరికేవి కాబట్టి స్కాట్లండ్ వాళ్లు వాటిలో విస్కీ పోసి దాచారు. అలా మొదలైన రుచి ఇది. 1980ల్లో షెర్రీని స్పెయిన్‌లోనే సీసాల్లో నింపాలన్న నిబంధన వచ్చాక ఆ ఖాళీ పీపాలు రావడం ఆగిపోయింది. ఇప్పుడు విస్కీ కంపెనీలే కొత్త పీపాలు చేయించి, వాటిలో ఏడాదో రెండేళ్లో షెర్రీ పోయించి, చెక్కకు వైన్ పట్టాక తెప్పించుకుంటాయి. అందుకే ఇవాళ షెర్రీ పీపా ఖరీదు. ఖరీదైనదాన్ని ఎవరైనా పొదుపుగానే వాడతారు.

ఆ పొదుపు ఎలా జరిగిందో లేబులే చెబుతుంది. "మెచ్యూర్డ్ ఇన్ షెర్రీ క్యాస్క్స్" అంటే మొత్తం కాలం షెర్రీ పీపాల్లోనే గడిచిందని సాధారణంగా అనుకోవచ్చు. "ఫినిష్డ్" అంటే వేరే పీపాలో పెరిగి చివర్లో షెర్రీ పీపాలోకి మారింది. బాల్వెనీ డబుల్‌వుడ్ 12 ఇలాంటిదే. పన్నెండేళ్లు మామూలు విస్కీ పీపాల్లో ఉండి, ఆ తర్వాత సుమారు 9 నెలలు షెర్రీ పీపాల్లో ఉంటుంది. మంచి విస్కీయే, కానీ అందులో తేనె, వెనీలా ముందుంటాయి, కిస్మిస్ వెనకుంటుంది. "డబుల్ క్యాస్క్" అనే మాటను ఒక్కో కంపెనీ ఒక్కోలా వాడుతుంది, కాబట్టి సీసా వెనక చిన్న అక్షరాలు కూడా చదవండి.

ఇంకో చిక్కు, పీపా ఎన్నోసారి వాడినదన్నది. మొదటిసారి నింపిన పీపా రుచిని దండిగా ఇస్తుంది. మూడోసారి నింపింది, ఒకసారి మరిగించిన టీ పొడితో మళ్లీ పెట్టిన టీలాంటిది. "ఫస్ట్ ఫిల్" అని రాసుకునే అవకాశం ఉంటే కంపెనీలు గొప్పగా రాసుకుంటాయి. రాయకపోతే ఏం అనుకోవాలో మీకే తెలుసు.

పరిష్కారం: షెర్రీ రుచి ఎలా ఉంటుందో తెలుసుకోవడమే లక్ష్యమైతే పూర్తిగా షెర్రీ పీపాల్లో ఊరినదే మొదట తీసుకోండి. గ్లెన్‌డ్రోనాక్ 12 నా మొదటి ఓటు. 43 శాతం, పీఎక్స్, ఒలొరోసో రెండు రకాల షెర్రీ పీపాల్లోనూ ఊరింది, నీళ్ల లెక్కలతో పెద్దగా పని లేదు. మెకాలన్ 12 షెర్రీ ఓక్ కూడా తప్పు పట్టలేనిదే. కాకపోతే అందులో కొంత డబ్బు పేరుకే పోతుందని నా అభిప్రాయం.

తీయగా ఉంటుందన్నారు, వగరుగా ఉంది

ఇక్కడ షెర్రీ రకం చూడాలి. పీఎక్స్ అంటే పెడ్రో హిమెనెజ్, ఎండబెట్టిన ద్రాక్షతో చేసే చిక్కటి తీపి వైన్, దాదాపు బెల్లం పాకంలా ఉంటుంది. ఒలొరోసో ముదురు రంగుదే కానీ సహజంగా తీపి లేని వైన్. దానికి తోడు షెర్రీ పీపాలు చాలావాటికి యూరోపియన్ ఓక్ చెక్క వాడతారు. అమెరికన్ ఓక్ కన్నా అందులో వగరు పదార్థం, అదే టానిన్, ఎక్కువ. డికాక్షన్ ఎక్కువైన టీ తాగినట్టు నాలుక పొడిబారేది అందుకే.

తీపి వైపు మొగ్గే నాలుక అయితే పీఎక్స్ ఉన్నదాన్ని ఎంచుకోండి. మన దేశపు ఇంద్రీ ట్రిని అందుకు తేలికైన దారి. హర్యానాలో తయారవుతుంది, 46 శాతం, బర్బన్ (అమెరికన్ విస్కీ), ఫ్రెంచ్ వైన్, పీఎక్స్ షెర్రీ ఉంచిన మూడు రకాల పీపాలు వాడతారు. పూర్తి షెర్రీ విస్కీ కాదు, కానీ తక్కువ ఖర్చుతో ఆ దిక్కు చూపిస్తుంది. వగరు కూడా చాలామందికి మూడో నాలుగో పెగ్గుకి నచ్చడం మొదలవుతుంది. ఆ మూడూ నాలుగూ ఒకే రాత్రి అక్కర్లేదు.

ఆర్పిన అగ్గిపుల్ల వాసన

ఇది గంధకం. ఖాళీ పీపాలు పాడవకుండా లోపల గంధకం వెలిగించే అలవాటుంది, దాని జాడ విస్కీలో మిగలవచ్చు. కొందరి ముక్కుకి అసలు తెలియదు, కొందరు మూత తీయగానే పట్టేస్తారు. గ్లాసులో పోసి పదిహేను, ఇరవై నిమిషాలు వదిలేయండి, చాలావరకు తగ్గుతుంది. తగ్గకపోతే ఆ సీసా మీది కాదు, పట్టించుకోని స్నేహితుడికి ఇచ్చేయండి.

అగ్గిపుల్ల కాదు, కట్టెల పొయ్యి పొగ వాసన అంటారా? అది వేరే సంగతి. ఆర్డ్‌బెగ్ ఊగడాల్, బౌమోర్ 15 లాంటి వాటిలో షెర్రీతో పాటు పీట్ పొగ (బార్లీని ఆరబెట్టేటప్పుడు కాల్చే చిత్తడినేల మట్టి పొగ) కూడా ఉంటుంది. మొదటి సీసాగా వద్దు. ఏది షెర్రీ, ఏది పొగ అన్నది విడదీయలేరు.

రంగు చూసి కొన్నాను

స్కాచ్‌లో రంగు కోసం కారమెల్ కలపడానికి చట్టం ఒప్పుకుంటుంది. ముదురు రంగుని సాక్ష్యంగా తీసుకోకండి. లేబుల్ మీద "నేచురల్ కలర్" ఉంటేనే నమ్మండి.

వాళ్లు చెప్పే వాసనలేవీ నాకు రావడం లేదు

రుచి నోట్సు రాసేవాళ్లు క్రిస్మస్ పుడ్డింగ్, డామ్సన్ జామ్ అంటారు. అవి మనం ఎప్పుడు తిన్నాం? బేగంబజార్ వెళ్లి కిస్మిస్, అంజీర్, ఖర్జూరం, ఎండు ఖుబానీ తలా యాభై గ్రాములు తెచ్చుకోండి. ఒక్కోటి గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి వాసన చూసి, వెంటనే గ్లాసు వాసన చూడండి. పెళ్లి విందులో తిన్న ఖుబానీ కా మీఠా గుర్తొస్తే సరైన దారిలో ఉన్నట్టే. నాకైతే ఒలొరోసో విస్కీల్లో ఖర్జూరంతో పాటు అక్రోట్ పప్పు కనబడుతుంది.

బిర్యానీ, మిర్చీ కా సాలన్ తిన్న నోటితో మాత్రం ఈ పరీక్ష పెట్టకండి. భోజనానికి ముందు, ఆ తర్వాత కావాలంటే ఉస్మానియా బిస్కెట్‌తో.

షాపులో అడిగింది దొరకలేదు

ప్రతి వైన్స్‌లోనూ సింగిల్ మాల్ట్ ఉండదు. ఉన్నచోట కూడా రాష్ట్రంలో అమ్మకానికి నమోదైన బ్రాండ్లే ఉంటాయి. జూబ్లీహిల్స్, గచ్చిబౌలి వైపు పెద్ద షాపుల్లో ముందు వెతకండి. విదేశాల నుంచి ఎవరైనా వస్తుంటే ఒక్కొక్కరు 2 లీటర్ల వరకు సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. శంషాబాద్‌లో దిగాక ఉండే డ్యూటీ ఫ్రీ షాపు కూడా ఆ లెక్కలోకే వస్తుంది. సీసా మొత్తం మీద డబ్బు పెట్టే ముందు ఏదైనా మంచి బార్‌లో 30 మి.లీ. తాగి చూడటం నయం. క్యాబ్‌లో వెళ్లండి, వారాంతపు రాత్రి జూబ్లీహిల్స్‌లో బ్రీత్ ఎనలైజర్లు ఎక్కడ ఉంటాయో మీకు నేను చెప్పనక్కర్లేదు.

నీళ్లు పోస్తే మసకబారింది, కార్కు విరిగింది

మసక కల్తీ కాదు. 46 శాతం, ఆపైన ఉన్న విస్కీల్లో చాలావాటిని చల్లబరిచి వడకట్టరు. నీళ్లు తగిలితే లోపలి కొవ్వు ఆమ్లాలు తేలి మబ్బుగా కనబడతాయి. తాగేయండి.

కార్కు విషయానికొస్తే, వైన్ సీసాలా పడుకోబెట్టకండి, నిలబెట్టే ఉంచండి. బలమైన మందు తగులుతూ ఉంటే కార్కు మెత్తబడి పాడవుతుంది. ఎండ పడని అల్మారా చాలు. బావ తెచ్చిన సీసా కార్కు నా చేతిలోనే రెండు ముక్కలైంది. టీ జల్లెడలో పలచటి గుడ్డ వేసి వడకట్టి, బాగా కడిగి ఆరబెట్టిన పాత విస్కీ సీసాలోకి మార్చాను. దాని మీద పేరు వేరే ఉంది కాబట్టి, ఇంటికొచ్చిన ప్రతివాడికీ అసలు సంగతి చెప్పి మరీ పోయాల్సి వస్తోంది.