గుంటూరు లైసెన్సుతో ఖమ్మంలో పాట పాడలేరు: పక్క రాష్ట్రపు యార్డులో మిర్చి కొనాలంటే

2014 జూన్ 2కు ముందు గుంటూరు, ఖమ్మం, వరంగల్ యార్డులన్నీ ఒకే మార్కెటింగ్ శాఖ కింద ఉండేవి. ఈరోజుకీ రెండు రాష్ట్రాలూ నడుస్తున్నది 1966 నాటి వ్యవసాయ మార్కెట్ల చట్టం మీదే. చట్టం ఒకటే కదా అని గుంటూరు లైసెన్సు జేబులో పెట్టుకుని ఖమ్మం వెళ్తే మాత్రం వేలం పాటలో నిలబడనివ్వరు. ఆ చట్టం 7వ సెక్షన్ ప్రకారం నోటిఫై చేసిన (మార్కెట్ పరిధిగా ప్రభుత్వం ప్రకటించిన) ప్రాంతంలో సరుకు కొనాలన్నా, అమ్మాలన్నా, నిల్వ పెట్టాలన్నా అక్కడి లైసెన్సే ఉండాలి. ఏకీకృత లైసెన్సు సంగతీ అంతే. అది ఆ రాష్ట్రంలోని యార్డులన్నిటికీ పనికొస్తుంది కానీ సరిహద్దు దాటదు.

దరఖాస్తు రాసే ముందు ఒక్క విషయం తేల్చుకోండి: మీ పేరుతో కొంటారా, అక్కడి అడ్తిదారు (కమిషన్ ఏజెంటు) ద్వారా కొంటారా? జీఎస్టీ, గోదాము, బిల్లు, లారీ కాగితాలు, అన్నీ ఈ జవాబును బట్టే మారతాయి. చిక్కులు ఎక్కువగా వచ్చేది సగం ఒకలా, సగం ఇంకోలా నడిపినప్పుడే.

సీజనులో నాలుగైదు లారీలు మాత్రమే ఎత్తేవారికి అడ్తిదారు దారే నయం. యార్డు లైసెన్సు అతనిది, పాట పాడేదీ అతనే. తన పేరుతో మీకు బిల్లు రాస్తాడు. సరుకు రాష్ట్రం దాటుతుంది కాబట్టి ఎండుమిర్చి మీద 5 శాతం ఐజీఎస్టీ పడుతుంది. దాన్ని మీరు మీ రాష్ట్రంలో ఇన్‌పుట్ క్రెడిట్‌గా తీసుకోవచ్చు. 40 కిలోల టిక్కీలు (మిర్చి బస్తాలు) 200 కొన్నారనుకుందాం. అంటే 80 క్వింటాళ్లు. క్వింటా 15,000 చొప్పున సరుకు విలువ 12,00,000. మార్కెట్ ఫీజు నూటికి రూపాయి లెక్కన 12,000. అడ్తిదారు ఆ ఫీజును బిల్లులో చూపించి మీ దగ్గర వసూలు చేస్తే పన్ను 12,12,000 మీద కట్టాలి, 12,00,000 మీద కాదు. కమిషన్, హమాలీ పక్కన పెడితే ఐజీఎస్టీయే 60,600 అవుతుంది. చాలామంది ఫీజును వదిలేసి లెక్క వేస్తారు. ఆ తేడా తర్వాత వడ్డీతో కలిసి నోటీసుగా వస్తుంది.

అక్కడే కోల్డ్ స్టోరేజీలో పెట్టి, రేటు చూసి అమ్ముకునేవారికి ఇది చాలదు. వాళ్లు సొంతంగా ఖరీదుదారు లైసెన్సు తీసుకోవాలి. ఆంధ్ర నుంచి వెళ్లేవారికి ఈ మాట కొత్తగా ఉంటుంది. తెలంగాణ యార్డుల్లో కొనే వ్యాపారిని ఖరీదుదారు అంటారు, కమిషన్ ఏజెంటును అడ్తిదారు అంటారు. ఇవి రెండు వేర్వేరు లైసెన్సులు. దరఖాస్తులో ఏ రకమో సరిగ్గా రాయండి.

ముందు తెలంగాణ జీఎస్టీ నంబరు తెచ్చుకోండి. అదే పాన్ మీద రెండో రాష్ట్రంలో రిజిస్ట్రేషన్ ఇస్తారు. స్థానిక చిరునామాకు అద్దె ఒప్పందం, కరెంటు బిల్లు లేదా ఇంటిపన్ను రసీదు కావాలి. కోల్డ్ స్టోరేజీని అదనపు వ్యాపార స్థలంగా అప్పుడే చూపించండి. చూపించకుండా టిక్కీలు దింపితే తనిఖీలో అది లెక్కలో లేని నిల్వ అవుతుంది. ఆ తర్వాత మార్కెట్ కమిటీ కార్యదర్శికి దరఖాస్తు పెట్టాలి. పాన్, జీఎస్టీ సర్టిఫికెట్, భాగస్వామ్య దస్తావేజు, బ్యాంకు కాగితాలు, కమిటీ చెప్పిన సెక్యూరిటీ జతచేయాలి. ఆహార సరుకు కాబట్టి ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రతా సంస్థ) లైసెన్సు కూడా తప్పదు. రెండు రాష్ట్రాల్లో గోదాములుంటే హెడ్డాఫీసుకు కేంద్ర లైసెన్సు అవసరం.

అన్ని కాగితాల్లో ఫర్మ్ పేరు అక్షరం పొల్లుపోకుండా ఒకేలా ఉండాలి. పాన్‌లో 'అండ్ కో', లైసెన్సులో 'ట్రేడర్స్', బ్యాంకులో యజమాని పేరు ఉంటే తక్‌పట్టీ (రైతుకు ఇచ్చే అమ్మకం చీటీ) ఒకరి పేరున, రైతుకు డబ్బు వెళ్లిన ఖాతా ఇంకొకరి పేరున పడుతుంది. మధ్యలో భాగస్వామి మారితే ఆ సంగతి కమిటీకి రాతపూర్వకంగా తెలియజేయాలి.

లైసెన్సు చేతికొచ్చాక మొదటి రోజు జెండా పాట చూసి తొందరపడకండి. జెండా పలికేది ఆ రోజు వచ్చిన మేలైన లాటుకు. దాన్ని యార్డు సగటు ధర అనుకుని ఇంట్లో వాళ్లకు ఫోనులో లెక్క చెప్పకండి. తేమ, తాలు శాతం, రంగు చూసుకుంటూ మిగతా లాట్లు అంతకంటే కిందే పోతాయి. ఈ-నామ్‌లో (ప్రభుత్వ ఆన్‌లైన్ వేలం వేదికలో) కొంటే లాటు నంబరు గేటు దగ్గరే పడుతుంది. పాట స్క్రీను మీద నడుస్తుంది. మీ ధరే ఎక్కువైనా రైతు ఒప్పుకోకపోతే సరుకు మీది కాదు. అందుకని బిడ్డు వేసిన వెంటనే లారీ పిలవకండి. కాంటా అయి, కాగితం చేతికొచ్చేదాకా ఆగండి.

బయటికి వచ్చేటప్పుడు లారీలో మూడు కాగితాలుండాలి: బిల్లు, మార్కెట్ ఫీజు కట్టిన రసీదు, ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసుకునే జీఎస్టీ పత్రం). సరుకు విలువ 50,000 దాటితే ఈ-వే బిల్లు తప్పనిసరి. 200 కిలోమీటర్ల లోపు దూరానికి ఒక రోజే గడువు. ఖమ్మం నుంచి గుంటూరు ఆ లోపే వస్తుంది కాబట్టి, లోడింగ్ రేపటికి వాయిదా పడేలా ఉంటే బండి నంబరు ఈరోజే ఎక్కించకండి. ఎక్కించిన క్షణం నుంచి గడువు నడుస్తుంది. దారిలో బండి మారిస్తే కొత్త నంబరు నమోదు చేశాకే కదలాలి.

ఫీజు రసీదును చిన్నచూపు చూడొద్దు. నోటిఫై చేసిన ప్రాంతం నుంచి బయటికి వెళ్లే సరుకు, వేరేగా రుజువు కానంతవరకు, అక్కడే కొన్నట్టు, అమ్మినట్టు చట్టం భావిస్తుంది. రుజువు చూపే బాధ్యత మీదే. ఖమ్మంలో కొన్నది వరంగల్ కోల్డ్ స్టోరేజీకి చేర్చి, నాలుగు నెలల తర్వాత తీసినా పాత రసీదు లాటు వారీగా చేతిలో ఉండాలి. కట్టలుగా కాకుండా స్టోరేజీ వాళ్లిచ్చే బాండుకు పిన్ను కొట్టి పెట్టుకుంటే వెతకక్కర్లేదు.

తెలంగాణ నంబరు మీద ఉన్న నిల్వను మీ గుంటూరు ఫర్మ్‌కే పంపినా అది అంతర్గత బదిలీ అనిపించుకోదు. ఒకే పాన్ అయినా రెండు నంబర్లు వేర్వేరు వ్యక్తులే. ఐజీఎస్టీతో ఇన్వాయిస్ రాయాల్సిందే.