స్పృహ తప్పిన మనిషిని గుండె పరీక్షకు తీసుకెళ్లే ముందు

లాంగ్ క్యూటీ, బ్రుగాడా, సీపీవీటీ లాంటి వంశపారంపర్య గుండె లయ జబ్బు ఉన్నవాళ్లు పడిపోతే "నీరసమేలే" అనుకోవద్దు. స్పృహ రాక, ఊపిరి సరిగా ఆడకపోతే కింది జాబితా పక్కన పెట్టండి. వెంటనే అంబులెన్స్ పిలిచి సీపీఆర్ (ఛాతీ నొక్కడం) మొదలుపెట్టండి. తేరుకున్నా అదే రోజు డాక్టరుకు చూపించాలి.

• పడిపోయే ముందు ఏం చేస్తున్నారో రాసిపెట్టండి. అన్నిటికన్నా పనికొచ్చేది ఇదే. ఈత కొడుతున్నారా? పరుగెత్తుతున్నారా? అలారం మోగి ఉలిక్కిపడ్డారా? నిద్రలోనా? జ్వరం ఉందా? చాలాసేపు నిలబడి, చెమటలు పట్టి, వికారంతో మెల్లగా సొమ్మసిల్లడం వేరు. ఏ సూచనా లేకుండా నిలువునా కూలిపోతే ముందు గుండెనే అనుమానించాలి.

• కళ్లారా చూసినవాళ్లను వెంటబెట్టుకెళ్లండి. కాళ్లూ చేతులూ కొట్టుకున్నాయని దీన్ని ఫిట్స్‌గా పొరబడటం మామూలే.

• వాడిన మందులన్నీ, స్ట్రిప్పులతో సహా. అజిత్రోమైసిన్, ఆన్‌డాన్‌సెట్రాన్ లాంటి మామూలు మందులూ క్యూటీని (గుండె ప్రతి కొట్టుకూ విద్యుత్తుపరంగా తేరుకోవడానికి పట్టే, ఈసీజీలో కొలిచే సమయం) పెంచగలవు. వాంతులు, విరేచనాలు అయ్యుంటే రక్తంలో పొటాషియం చూడమనండి. బీటా బ్లాకర్ (గుండె వేగాన్ని తగ్గించే మందు) డోసు మరిచిపోతే మొహమాటం లేకుండా చెప్పండి. పరీక్ష ఉందని సొంతంగా మాత్రం ఆపొద్దు.

• కుటుంబంలో చిన్న వయసులో హఠాత్తుగా పోయినవాళ్లు, ఈత వచ్చి కూడా మునిగిపోయినవాళ్లు ఉంటే చెప్పండి.

• పాత ఈసీజీలు, ఐసీడీ (లయ తప్పితే షాక్ ఇచ్చేలా ఒంట్లో అమర్చే పరికరం) ఉంటే దాని కార్డు. ఈసీజీ నార్మల్ వచ్చిందని ధీమా వద్దు. సీపీవీటీలో పడుకోబెట్టి తీసిన ఈసీజీ సాధారణంగా బాగానే ఉంటుంది, తేడా ట్రెడ్‌మిల్‌ మీదే బయటపడుతుంది. ఆ పరీక్ష డీఫిబ్రిలేటర్ (గుండెకు షాక్ ఇచ్చే యంత్రం) పక్కనే ఉన్నచోట, డాక్టరు సమక్షంలోనే.

• పడిపోయినవాళ్లను బండి నడపనివ్వకండి.