బడికి వెళ్ళి పిల్లలకు బొమ్మల కథ చదవడం ఎలా?

పిల్లల రచయిత బతుకంటే కిటికీ పక్కన కూర్చుని ఉడతల్ని చూస్తూ కథలు అల్లుకోవడం అనుకుంటారు చాలామంది. నా సంగతి చెబుతాను. పొద్దున్నే రెండు గంటలు రాత. ఆ తర్వాత ఉత్తరాలకు జవాబులు, ప్రూఫులు, బొమ్మలు వేసేవాళ్ళతో వాదనలు. ఇక మిగిలింది ప్రయాణం. నెలలో సగం రోజులు ఏదో ఒక బడిలో, మోకాళ్ళు గడ్డానికి తగిలేంత చిన్న కుర్చీలో కూర్చుని ఉంటాను. కథ ఎలా రాయాలో చెప్పే పుస్తకాలు బోలెడున్నాయి. ఆ చిన్న కుర్చీలో కూర్చున్నాక ఏం చేయాలో చెప్పేవాళ్ళు మాత్రం తక్కువ. అందుకే మంచి కథలు రాసినవాళ్ళు కూడా పిల్లల ముందు వాటిని చేజేతులా పాడుచేసుకుంటున్నారు. వెనక వరసలో కూర్చుని అది చూసీ చూసీ విసిగిపోయి ఇది రాస్తున్నాను.

బయల్దేరే ముందు

బడివాళ్ళను మూడే ప్రశ్నలు అడగండి. పిల్లలు ఎంతమంది? ఏ వయసువాళ్ళు? గదిలోనా, బయటా? "మొత్తం బడి అంతా వస్తుందండీ, అయిదు వందల మంది" అంటే మర్యాదగా వద్దనండి. బొమ్మల పుస్తకానికి నలభై మంది చాలు, యాభై దాటితే వెనకవాళ్ళకు బొమ్మ తపాలా బిళ్ళంత కనిపిస్తుంది. అయిదేళ్ళవాళ్ళనూ పదకొండేళ్ళవాళ్ళనూ కలిపి కూర్చోబెట్టనివ్వకండి. చిన్నవాళ్ళు నవ్వేచోట పెద్దవాళ్ళు మొహం చిట్లిస్తారు, ఆ చిట్లింపు చూసి చిన్నవాళ్ళు నవ్వడం మానేస్తారు.

ఏప్రిల్ 2 దగ్గర పడుతుంటే పిలుపులు ఒక్కసారిగా వచ్చిపడతాయి. పిల్లల కథలు రాసిన డెన్మార్క్ రచయిత హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ పుట్టినరోజు అది. 1967 నుంచి అంతర్జాతీయ బాలల పుస్తక దినోత్సవంగా జరుపుతున్నారు. ఆ వారంలో రోజుకొక బడికి మించి ఒప్పుకోకండి. రెండో బడి పిల్లలకు మీ గొంతులో మిగిలిన పిప్పే దక్కుతుంది.

సంచిలో ఏముండాలి? అదే పుస్తకం రెండు ప్రతులు, నీళ్ళ సీసా, పెన్సిలు, చేతి రుమాలు, పాకెట్ నోటుబుక్కు. ఇంకేమీ అక్కర్లేదు. ఆండర్సన్ ఎక్కడికి ప్రయాణమైనా పెట్టెలో పొడవాటి తాడు వేసుకునేవాడు, బస చేసిన చోట నిప్పంటుకుంటే కిటికీలోంచి దిగడానికి. మీకు తాడు అవసరం లేదు కానీ రెండో ప్రతి ఉండి తీరాలి. మొదటిది ఏదో ఒక చంటివాడి చేతుల్లోకి వెళ్ళిపోతుంది, తిరిగి అడగడానికి మనసొప్పదు. చారల చొక్కా వేసుకోకండి. పిల్లలు చారలు లెక్కపెడతారు.

ముందురోజు రాత్రికే ఆ ఊరు చేరండి. ప్రయాణం చేసిన గొంతుతో కథ చదవకూడదు.

గదిలోకి వెళ్ళాక

కిటికీ మీ వెనక ఉండకూడదు. వెలుగు వెనకనుంచి పడితే మీరూ మీ పుస్తకమూ నల్లటి నీడలా కనిపిస్తారు. గోడను వెనక్కి పెట్టుకుని కిటికీకి ఎదురుగా కూర్చోండి. పిల్లలు నేల మీద, మీరు పొట్టి కుర్చీలో. నిలబడి చదివితే బొమ్మ వాళ్ళ తలల మీదుగా పోతుంది. మైకు వద్దు, ఒక చేతికి అదే పని పెడుతుంది. టీచరు గదిలోనే ఉండాలి, అయితే వెనక వరసలో, పిల్లలకు కనపడకుండా.

మీ పరిచయాన్ని ఎవరో కాగితం మీంచి చదువుతామంటారు. చదవనివ్వకండి. మీకొచ్చిన బహుమతుల జాబితా ఆరేళ్ళ పిల్లకు ఎందుకు? కూర్చోండి, పుస్తకం తెరవండి, మొదలుపెట్టండి.

పేజీ తిప్పడం

ఇంతవరకూ చెప్పింది ఎవరైనా చేయగలరు. అందరూ తప్పుచేసేది ఇక్కడ.

సాధారణంగా ఏం జరుగుతుందంటే, రచయిత పుస్తకాన్ని తనవైపు పెట్టుకుని ఒక పేజీ చదువుతాడు. తర్వాత దాన్ని పిల్లలవైపు తిప్పి, ఎడమ నుంచి కుడికి టార్చిలైటులా తిప్పుతాడు. మధ్యలో ఉన్నవాళ్ళకు ఒక్క క్షణం కనిపిస్తుంది. "మాకు కనపళ్ళేదూ!" అని రెండు మూలల నుంచీ అరుపులు. మళ్ళీ తిప్పుతాడు. ఈలోపు కథ చల్లారిపోతుంది. పైగా మాట ముందు, బొమ్మ వెనక అయిపోయింది. బొమ్మల కథలో రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని నడవాలి. కొన్నిచోట్ల మాట ఒకటి చెబుతుంటే బొమ్మ మరోటి చూపిస్తుంది, నవ్వంతా అందులోనే ఉంటుంది. విడదీస్తే రెండూ చచ్చిపోతాయి.

కాబట్టి మొదటి నియమం: పుస్తకం ఎప్పుడూ పిల్లలవైపే చూస్తూ ఉండాలి. మీ భుజం పక్కన, గడ్డం ఎత్తులో, కాస్త ముందుకు వంచి పట్టుకోండి. కింద కుట్టు దగ్గర ఒక అరచేయి ఆనించండి. బొటనవేలు బొమ్మ మీదికి రాకూడదు.

మరి చదివేదెలా? బట్టీ పట్టండి. మీరు రాసిన కథే కదా! బొమ్మల పుస్తకంలో మాటలు తక్కువ, రెండు సాయంత్రాల పని. అయినా భయమనిపిస్తే కథంతా పెద్ద అక్షరాల్లో ఒక కాగితం మీద రాసి వెనక అట్టకు అంటించుకోండి. ఇది నేను కనిపెట్టిందేమీ కాదు. జపాన్‌లో కామిషిబాయి అనే కాగితపు బొమ్మలాట ఉంది. 1930లలో సైకిలు మీద చెక్క చట్రం పెట్టుకుని వీధివీధీ తిరుగుతూ దీంతో కథలు చెప్పేవాళ్ళు. అచ్చువేసిన కామిషిబాయి అట్టల్లో మొదటి బొమ్మకు సంబంధించిన మాటలు చివరి అట్ట వెనక ఉంటాయి. ముందున్న అట్టను లాగి వెనక్కి చేర్చగానే దాని వీపు మీద తర్వాతి బొమ్మకు కావలసిన మాటలు చెప్పేవాడికి కనిపిస్తాయి. పిల్లలకు బొమ్మ, చెప్పేవాడికి మాట, ఇద్దరి మధ్యా ఒకే అట్ట. ఇంతకన్నా తెలివైన ఏర్పాటు నేను చూడలేదు. మనవాళ్ళు దీన్ని వదిలేసి ప్రొజెక్టరు మోసుకొస్తున్నారు. తెర మీద బొమ్మ పెద్దదిగా కనిపిస్తుంది, నిజమే. అక్కడ పేజీ తిరగదు, మీట నొక్కితే మారుతుంది. కాగితం సగం లేచినప్పుడు పిల్లలు మెడ వంచి కిందనుంచి తొంగిచూడడం ఏ తెర మీదా జరగదు.

ఇప్పుడు అసలు విషయం. బొమ్మల పుస్తకం ఎక్కువగా 32 పేజీలు ఉంటుంది. ప్రెస్సువాళ్ళకు 16 పేజీలు ఒక ఫారం, రెండు ఫారాలు కలిపి కుడితే పుస్తకం. మొదటి పేజీలు పేరుకూ వివరాలకూ పోగా కథలో మీరు పేజీ తిప్పేది పన్నెండు, పద్నాలుగు సార్లు. వాటిలో అన్నీ ఒకటి కావు. చాలావాటిలో కథ నడిచిపోతుంది, అంతే. ఆగకుండా తిప్పేయండి. మూడో నాలుగో మాత్రం ఉంటాయి, తిప్పేముందు ఊపిరి బిగబట్టేవి. తలుపు వెనక ఎవరున్నారు, చెట్టెక్కినవాడు దిగాడా లేదా, అలాంటివి. వాటిని ముందే గుర్తించి పేజీ కింద మూల పెన్సిలుతో చిన్న చుక్క పెట్టుకోండి. ఇంగ్లీషు నవలా రచయిత ఛార్లెస్ డికెన్స్ ఊరూరా తిరిగి తన రచనలు చదివి వినిపించేవాడు. ఆయన చదివిన ప్రతులు ఇప్పటికీ ఉన్నాయి, ఎక్కడ ఏ గొంతుతో చదవాలో, ఎక్కడ చేయి కదపాలో అంచుల్లో రాసుకున్న గుర్తులతో. అంతటివాడే గుర్తు పెట్టుకుంటే మనకు నామోషీ దేనికి?

చుక్క ఉన్న పేజీ దగ్గర ఇలా చేయండి. చివరి వాక్యం చదువుతూనే రెండో చేత్తో పై మూలను పట్టుకోండి. కింది మూల కాదు. కింద పట్టుకుంటే మీ చేయి బొమ్మకు అడ్డం పడుతుంది. వేళ్ళ మధ్య ఒకే కాగితం ఉందో లేదో అప్పుడే తడిమి చూసుకోండి. వాక్యం అయిపోయాక ఆగండి. మనసులో మూడు లెక్కపెట్టండి. మీకది మూడు నిమిషాల్లా అనిపిస్తుంది, గొంతు తడారిపోతుంది, ఏదో ఒకటి అనేయాలనిపిస్తుంది. అనకండి.

మరీ ముఖ్యంగా "ఇప్పుడేమవుతుందో చెప్పండి చూద్దాం!" అనకండి. ఈ ఒక్క మాట మాన్పించడానికే నేనీ వ్యాసం రాస్తున్నానన్నా తప్పులేదు. ఆ ప్రశ్న పడగానే కథ వింటున్న నలభై మంది పరీక్ష రాస్తున్న నలభై మందిగా మారిపోతారు. నలుగురు చేతులెత్తుతారు, మిగతావాళ్ళు తల దించుకుంటారు. ఎత్తినవాళ్ళలో ఒకడు సరిగ్గా చెప్పేస్తాడు. ఇక పేజీ తిప్పి మీరు చూపించేదేముంది?

మీరు అడగకపోయినా ఎవరో ఒకరు అరుస్తారు, "పులి! పులి ఉంది!" అని. వాళ్ళకు అవుననీ కాదనీ చెప్పకండి, నవ్వకండి, తల ఊపకండి. మీ కళ్ళు పేజీ మూల మీదే ఉండాలి. మూడు పూర్తయ్యాక నెమ్మదిగా, చప్పుడు లేకుండా తిప్పండి. కాగితం సగానికి వచ్చాక రవ్వంత ఆపితే ఇంకా మంచిది.

తిప్పాక వెంటనే చదవడం రెండో తప్పు. కొత్త బొమ్మ మీద పిల్లల కళ్ళు పడాలి, అటూ ఇటూ తిరగాలి, మూలన దాక్కున్న బల్లినో కప్పనో ఎవరో కనిపెట్టి పక్కవాడి డొక్కలో పొడవాలి. ఆ తర్వాతే మీ మాట. ఇక్కడ లెక్క ఉండదు, వాళ్ళ ముఖాలు చూస్తే తెలుస్తుంది. కళ్ళు బొమ్మ మీంచి మీ నోటి మీదికి వచ్చినప్పుడు చదవండి. పెద్దవాళ్ళు కథ వింటే ఊఁ కొడతారు. పిల్లలు ఊఁ కొట్టేది కళ్ళతోనే.

ఇంత చెప్పే నేనూ ఒకసారి బోల్తాపడ్డాను. అప్పుడే అచ్చయి వచ్చిన ప్రతి తీసుకుని ఒక బడికి వెళ్ళాను, పేజీలు విడదీయకుండా. చుక్క పేజీ దగ్గర ఆగాను, మూడు లెక్కపెట్టాను, గది మొత్తం బిగుసుకుపోయింది. తిప్పాను. రెండు కాగితాలు కలిసి తిరిగాయి. కథ ముగింపు బొమ్మ, పండగలా, రెండు పేజీల నిండా పరుచుకుని ఉంది. నేను గబగబా వెనక్కి తిప్పాను కానీ ఏం లాభం, అందరూ చూసేశారు. ముందు వరసలో ఒక అమ్మాయి నా మీద జాలితో "పర్లేదు, మేం చూడలేదు" అంది.

అందుకని కొత్త ప్రతితో ఎప్పుడూ వెళ్ళకండి. ముందురోజు రాత్రి బసలో కూర్చుని ప్రతి కాగితాన్నీ పై మూల దగ్గర విడివిడిగా రెండుమూడు సార్లు వంచండి. వేలు నాలుకకు తడి చేసుకుని తిప్పకండి, చూడ్డానికి బాగోదు, పైగా తడికి కాగితాలు అంటుకుంటాయి. అవసరమైతే వేళ్ళను రుమాలుకు తుడుచుకోండి. సంచిలో రుమాలు పెట్టుకోమన్నది అందుకే.

గొంతులు మార్చడం గురించి ఒక మాట. ఎలుకకు కీచు గొంతు, ఎలుగుకు బొంగురు గొంతు పెట్టి చదివేవాళ్ళున్నారు. పిల్లలు నవ్వుతారు, ఆ నవ్వు కథకు కాదు, మీ గొంతుకు. మామూలు గొంతుతో చదవండి. ఆండర్సన్ కథ చెబుతూ కత్తెరతో కాగితం కత్తిరిస్తూ ఉండేవాడు, చివర్లో మడత విప్పితే హంసలో నాట్యగత్తెలో బయటపడేవి. మీకూ చేతిలో అంతటి విద్య ఉంటే చేయండి. చేతి తోలుబొమ్మలు మాత్రం ఇంట్లోనే వదిలి రండి.

ప్రశ్నలు, సంతకాలు

వయసెంత, డబ్బులెన్ని వస్తాయి, పిల్లి ఉందా, ఇవే అడుగుతారు. నిజం చెప్పండి. "అది నిజంగా జరిగిందా?" అని అడిగితే ఎంత జరిగిందో అంతే చెప్పండి. సంతకం పెట్టేముందు ప్రతి పిల్లచేతా పేరు చీటీ మీద రాయించుకోండి. ఒక పేరును ఎన్నిరకాలుగా రాయొచ్చో సంతకాల వరస చూస్తే గాని తెలియదు.

తిరుగు ప్రయాణంలో

బండెక్కగానే నోటుబుక్కు తీయండి. ఎక్కడ నవ్వారు, ఎక్కడ కదిలారు, ఏ చుక్క దగ్గర మీరు మూడు లెక్కపెట్టకముందే తిప్పేశారు, అన్నీ రాసుకోండి. రేపటికి మరిచిపోతారు. పిల్లలన్న మాటలు రాసుకోండి, పేర్లు రాయకండి. ఒకేచోట మూడు బడుల్లో పిల్లలు కదిలితే తప్పు పిల్లలది కాదు, ఆ పేజీలో వాక్యం పొడవైంది. మరోసారి అచ్చువేసేటప్పుడు కోసేయండి.

ఇల్లు చేరాక పుస్తకం తీసి పై మూలలు చూసుకోండి. నలిగినచోట వెనకనుంచి సన్నటి కాగితం అతికించి, బరువు కింద పెట్టి, రాత్రంతా ఆరనివ్వండి.