పురుషుల సంతాన సామర్థ్యం: పరీక్ష ఎలా చేయించుకోవాలి, దేన్ని మార్చుకోవాలి

గర్భనిరోధక సాధనాలేవీ వాడకుండా ఏడాది పాటు క్రమం తప్పకుండా కలుస్తున్నా గర్భం నిలవకపోతే వైద్యులు దాన్ని సంతానలేమిగా పరిగణిస్తారు. భార్య వయసు 35 దాటితే ఆరు నెలలకే పరీక్షలు మొదలుపెట్టమంటారు. పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం మందిలో పురుషుడి వైపు నుంచి కూడా ఏదో ఒక కారణం ఉంటుంది. అయినా చాలా ఇళ్లలో భార్యకు నెలల తరబడి స్కానింగులు, మందులు నడిచిన తర్వాతగానీ భర్త పరీక్షకు ఒప్పుకోడు. ఇది ఆమెకు అన్యాయం, ఇద్దరికీ కాలం వృథా. నొప్పీ కోతా లేని వీర్య పరీక్షను మొదటి వారంలోనే చేయించుకోవాలి.

పరీక్ష విలువ నమూనా ఇచ్చే తీరును బట్టి ఉంటుంది. దానికి ముందు కనీసం రెండు రోజులు, గరిష్ఠంగా ఏడు రోజులు స్ఖలనం లేకుండా ఉండాలి. ల్యాబ్ ఇచ్చిన డబ్బాలోనే నమూనా పట్టాలి; మామూలు కండోమ్, సబ్బు, జారుడు కోసం వాడే జెల్ వంటివి వీర్యకణాల కదలికను దెబ్బతీస్తాయి. మొదట వెలువడే భాగంలోనే కణాలు ఎక్కువగా ఉంటాయి కనుక అది కింద పడితే ఆ మాట దాచకుండా ల్యాబ్‌లో చెప్పాలి. ఇంటి దగ్గర పట్టినట్లయితే డబ్బాను ఒంటికి ఆనించి వెచ్చగా ఉంచుకుని గంటలోపు అందజేయాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన ప్రమాణాల ప్రకారం కనీస హద్దులు ఇవి: వీర్యం 1.4 మిల్లీలీటర్లు, మిల్లీలీటరుకు 1.6 కోట్ల కణాలు, మొత్తం కదలిక 42 శాతం, ముందుకు సాగే కదలిక 30 శాతం, సహజ ఆకృతి 4 శాతం. నూటికి నాలుగే సవ్యంగా ఉన్నాయని చదివి కుంగిపోయేవారు, అది సాధారణ స్థాయేనని గ్రహించాలి. పైగా ఏడాదిలోపే భార్య గర్భం దాల్చిన పురుషుల్లోనూ నూటికి ఐదుగురికి ఒక్కో అంకె ఈ హద్దు కంటే తక్కువగానే వచ్చింది. కాబట్టి తక్కువ అంకె అంటే అవకాశం తగ్గిందని అర్థమే తప్ప తండ్రి కాలేరని కాదు. ఒకే మనిషిలో వారం వారానికీ ఈ అంకెలు మారుతుంటాయి కాబట్టి, తేడా కనిపించినప్పుడు కొన్ని వారాల తర్వాత మరోసారి చూడందే నిర్ధారణకు రాకూడదు.

వృషణంలో ఒక కణం తయారవడానికి సుమారు 74 రోజులు, ఆపైన అది పరిపక్వమై బయటికి రావడానికి మరో రెండు వారాల వరకూ పడుతుంది. అంటే ఈరోజు ఇచ్చిన నమూనా మూడు నెలల కిందటి జీవనవిధానాన్ని చూపుతుంది. రెండు నెలల కిందట తీవ్రమైన జ్వరం వచ్చినా రిపోర్టు పడిపోవచ్చు. ఈరోజు సిగరెట్ మానేస్తే ఫలితం కోసం కూడా అంతే కాలం వేచి ఉండాలి.

మార్చుకోవలసిన వాటిలో అన్నిటికంటే ముందు చెప్పవలసింది టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్లు, కండలు పెంచే స్టెరాయిడ్ల గురించి. మగతనం పెంచుతాయని నమ్మి వాడే ఈ మందులే వీర్యకణాల ఉత్పత్తిని పూర్తిగా ఆపేయగలవు. బయటి నుంచి హార్మోన్ అందుతున్నట్లు గుర్తించిన మెదడు వృషణాలకు పంపే సంకేతాలను ఆపేస్తుంది. అవి లేనిదే వృషణం పనిచేయదు. మానేశాక చాలామంది కోలుకుంటారు గానీ, అందుకు కొందరికి ఏడాదికి పైగా పడుతుంది. నీరసానికో, కోరికలు తగ్గాయనో ఎవరైనా ఈ ఇంజెక్షన్ రాస్తే, పిల్లలు కావాలనుకుంటున్నట్లు వైద్యుడికి ముందే చెప్పాలి.

పొగాకు పూర్తిగా మానాలి, మద్యం బాగా తగ్గించాలి, అధిక బరువు ఉంటే దించుకోవాలి. వృషణాలు శరీరం కంటే రెండు నుంచి నాలుగు డిగ్రీలు చల్లగా ఉంటేనే సరిగా పనిచేస్తాయి కాబట్టి ఆవిరి స్నానాలకూ, ఒడిలో ల్యాప్‌టాప్‌కూ దూరంగా ఉండాలి. జింక్, ఫోలిక్ యాసిడ్ మాత్రల మీద మాత్రం ఆశలు పెట్టుకోనక్కర్లేదు: రెండు వేలకు పైగా జంటలపై జరిగి 2020లో వెలువడిన అధ్యయనంలో వాటివల్ల వీర్యం నాణ్యతా, కాన్పుల సంఖ్యా పెరగలేదు. కలయిక విషయానికొస్తే, అండం విడుదలయ్యే రోజు, దానికి ముందరి ఐదు రోజులే గర్భం వచ్చే అవకాశమున్న కాలం. ఆ రోజుల్లో రోజు విడిచి రోజు కలిస్తే చాలు, కణాలను కూడబెట్టుకోవాలని వారాల తరబడి ఆగడం మేలు చేయదు.

రెండో రిపోర్టు కూడా తక్కువగా వస్తే యూరాలజిస్టునో, పురుషుల సంతాన సమస్యలు చూసే ఆండ్రాలజిస్టునో కలవాలి. వృషణం పైన సిరలు ఉబ్బే వేరికోసీల్ ఉందేమో నిలబెట్టి చేత్తో పరీక్షిస్తారు. చేతికి తగిలేంతగా ఉండి, వీర్యం కూడా దెబ్బతిన్నప్పుడు శస్త్రచికిత్స ఉపయోగపడుతుంది. కణాలు అసలే కనిపించకపోతే దారి మూసుకుపోయిందా, ఉత్పత్తే లేదా అన్నది హార్మోన్, జన్యు పరీక్షలతో తేల్చుకోవాలి. దారి మూసుకుపోయినవారిలో వృషణం నుంచే కణాలను తీసి, 1992 నుంచి అందుబాటులో ఉన్న ఇక్సీ పద్ధతిలో ఒక్కో అండంలోకి ఒక్కో కణాన్ని చొప్పించవచ్చు. ఉత్పత్తి లోపమున్నవారిలోనూ కొందరికి ఈ మార్గం ఫలిస్తుంది.

వృషణంలో గడ్డ తగిలినా, చిన్నతనంలో వృషణం కిందికి దిగకపోయినా ఏడాది ఆగకుండా వైద్యుణ్ణి కలవాలి. క్యాన్సర్‌కు కీమోథెరపీ మొదలవబోతుంటే, మొదటి డోసుకు ముందే వీర్యాన్ని శీతలీకరించి భద్రపరచమని అడగాలి. ఆ మాట వైద్యులు ఎత్తకపోయినా రోగి గానీ, ఇంట్లోవాళ్లు గానీ ఎత్తాలి.